పీలేరులో ఆగిన నాలుగు గంటలు

తిరుపతి నుంచి మదనపల్లెకు సుమారు 120 కిలోమీటర్లు. రోజూ సైకిల్ తొక్కేవాళ్లకు ఇది భయపడాల్సిన దూరమేమీ కాదు. కానీ ఏప్రిల్ నెలాఖరు ఎండలు, పైగా దారి మొత్తం మీద ఎక్కుడే ఎక్కువ. తిరుపతి సముద్ర మట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తులో ఉంటే, మదనపల్లె 700కి కాస్త తక్కువ. మధ్యలో భాకరాపేట ఘాట్. మా గ్రూప్ టూర్‌లో అందరికీ టెన్షన్ ఉన్నది ఈ రోజు గురించే.

తెల్లవారుజామున 5కి బయల్దేరాం. చంద్రగిరి కోట వైపు మళ్లి రాజమహల్ దగ్గర ఫోటోలు దిగుదామంటే లీడర్ ఒప్పుకోలేదు. "ఫోటోలు ఇంకోసారి దిగచ్చులేబ్బా, ముందు ఘాట్ దాటాల" అన్నాడు. కొందరు మొహం ముడుచుకున్నారు.

ఘాట్ మొదలయ్యే ముందే అందరినీ ఆపి, ఒకరి వెనక ఒకరు, ఎడమ అంచునే రావాలని మళ్లీ చెప్పాడు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది ఈ ఘాట్‌లోనే. ఆ మాట అన్నాక ఎవరూ పక్కపక్కన కబుర్లాడుతూ తొక్కలేదు.

సైకిల్ మీద గాలి తగులుతుంది కదా, ఎండ ఏం చేస్తుంది అంటారు చాలామంది. చదును మీద నిజమే. ఘాట్‌లో వేగం గంటకు 8, 9 కిలోమీటర్లకు పడిపోయాక గాలి ఏదీ? చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. చదును మీద కూడా ముందువాడి వెనకే అంటుకుని పోతే శ్రమ తగ్గే మాట నిజమే గానీ, దాంతోపాటు తగిలే గాలీ తగ్గుతుంది. అందుకే ఎండ ముదిరాక నేను కాస్త ఎడం ఉంచుకునే తొక్కాను.

నీళ్ల విషయంలో ఒక చిట్కా బాగా పనికొచ్చింది. సీసాకు పాత కాటన్ సాక్సు తొడిగి, దాన్ని తడుపుతూ ఉండటం. మట్టికుండలో నీళ్లు చల్లబడ్డట్టే, తడి ఆరేకొద్దీ సీసాలో నీళ్లు చల్లబడతాయి. మిగతావాళ్ల సీసాల్లో నీళ్లు టీ పెట్టుకునేంత వేడిగా ఉంటే, నావి తాగబుద్ధేసేలా ఉన్నాయి. ఓఆర్ఎస్ మాత్రం ప్యాకెట్ మీద రాసినట్టే కలపాలి. లీటరు ప్యాకెట్‌ను అర లీటరులో కలిపి గడగడా తాగినతను భాకరాపేటలో కడుపు పట్టుకుని కూర్చున్నాడు. అలాగని గంటల తరబడి ఉత్త నీళ్లే తాగుతూ పోయినా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది.

పీలేరు చేరేసరికి 11 దాటింది. సాయంత్రం మూడున్నర దాకా ఇక్కడే ఉంటున్నాం అని లీడర్ చెప్పగానే గొడవ మొదలైంది. సగం దూరం అయిపోయింది, ఒళ్లు వేడి మీద ఉన్నప్పుడే లాగించేద్దాం అని ఒక వర్గం. ఆ వాదన తేలకముందే బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు చలిగా ఉందన్నాడు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, మాట తడబడుతోంది. మండుటెండలో చలి వేస్తోందంటే వడదెబ్బ ముంచుకొస్తున్నట్టే. అందరం కలిసి నీడలో పడుకోబెట్టి, జెర్సీ తీసేసి, ఒళ్లంతా నీళ్లు చల్లి, మెడకూ చంకల్లోనూ తడి తువ్వాళ్లు పెట్టి విసిరాం. కాసేపటికి తేరుకున్నాడు. అయినా సపోర్ట్ బండిలో ఆసుపత్రికి పంపారు, ఆ రోజుకు మళ్లీ సైకిల్ ఎక్కనివ్వలేదు. ఇక ముందుకు పోదామన్నవాళ్లు నోరెత్తలేదు.

ఒక కల్యాణ మండపం వరండాలో పడుకోనిచ్చారు. పెరుగన్నం, మజ్జిగ, పచ్చి మామిడి ముక్కల మీద ఉప్పూ కారం. వాచ్‌మన్ మా సైకిళ్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒకదాని ధర అడిగి, "బస్సులుండంగా ఈ ఎండలో ఇదేంది సామీ?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం ఇంకో ఇబ్బంది. మేం పోయేది పడమరకు కాబట్టి, పొద్దున వీపు మీదున్న సూర్యుడు ఇప్పుడు కళ్లల్లో పొడుస్తున్నాడు. నల్ల కళ్లద్దాలు లేనివాళ్లు టోపీ అంచు కిందికి లాక్కుని, గుంటలు కనపడక అవస్థ పడ్డారు. ముందున్నవాళ్లు చేత్తో గుంట చూపిస్తే వెనకవాళ్లు అరుస్తూ అందించుకుంటూ వచ్చారు. వాయల్పాడు దాటాక ఎండ చల్లారింది. అక్కణ్నుంచి తొక్కింది మాత్రం హాయిగా ఉంది, ఎత్తుకు వచ్చిన తేడా గాలిలోనే తెలుస్తోంది.

మదనపల్లె చేరేసరికి చీకటి పడింది. టమాటా లారీల మధ్యలోంచి లైట్లు వేసుకుని, నెమ్మదిగా లాడ్జికి చేరాం. కుర్రాడు మాకంటే ముందే అక్కడికి చేరి, స్నానం చేసి, ఇడ్లీ తింటున్నాడు. మర్నాడు హార్స్‌లీ హిల్స్, 1,265 మీటర్లు. తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరాలని లీడర్ అంటే, ఈసారి ఎవరూ వాదించలేదు.