పాత డిస్కుకి గోదాం పని

పొద్దున కంప్యూటర్ ఆన్ చేసి, దేవుడి పటానికి అగరబత్తి వెలిగించి, ఎదురుగా హోటల్లో చాయ్ తాగి వచ్చినా తెర మీద ఆ చుక్కలు తిరుగుతూనే ఉండేవి. మహారాష్ట్రలోని సిరొంచలో నాది జిరాక్స్, ఫొటోల దుకాణం. పెళ్లి కార్డులూ వేస్తాను, ఒక పక్క తెలుగు, ఇంకో పక్క మరాఠీ. సాత్‌బారా, అంటే పొలం కాగితం, పట్టుకుని రైతు నిలబడి ఉంటే, "ఆగు కాకా, ఇంకా లేవలేదు" అని చెప్పడానికి నాకే సిగ్గుగా ఉండేది.

"కొత్తది కొనెయ్ బావా" అన్నాడు బామ్మర్ది. డబ్బులు వాడివి కావు కదా! మెషీన్ 2015ది, ర్యామ్ 8 జీబీ. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంది, డిస్క్ దగ్గర మాత్రం 100 శాతం. పాత హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, దాని మీద ముల్లు అటూ ఇటూ ఉరుకుతూ ఫైళ్లు వెతకాలి. విండోస్ లేచేటప్పుడు చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో అడుగుతుంది. పాపం అదేం చేస్తుంది.

మా జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైమాటే. అందుకే ప్రాణహిత వంతెన దాటి, చెన్నూరు మీదుగా మంచిర్యాల పోయి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ (పళ్లెం బదులు చిప్పుల్లో దాచుకునే డిస్కు), దాన్ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ ఒకటి తెచ్చుకున్నా. బ్రాకెట్ మర్చిపోయా. రెండున్నర అంగుళాల డ్రైవ్ పెద్ద అరలో కూర్చోదు. ఒక పక్కనే రెండు స్క్రూలు బిగించి వదిలేశా. లోపల తిరిగేదేమీ లేదు కాబట్టి దానికి ఇబ్బంది లేదు.

పాతదాన్ని ఉన్నదున్నట్టు క్లోన్ చేయొచ్చు. కానీ పదేళ్ల చెత్తను కొత్తింట్లోకి మోయడం ఎందుకని విండోస్ కొత్తగానే వేశా. అరగంటలో అయిపోయింది. ఇక పాత డిస్కుని ఫార్మాట్ చేద్దామంటే అందులో ఒక చిన్న భాగం ససేమిరా అంది. ఏమై ఉంటుందా అని పాత డిస్కు కేబుల్ పీకి ఆన్ చేశా. నల్ల తెర. బూట్ అయ్యే డిస్కే లేదంది!

తప్పు నాదే. విండోస్ వేసేటప్పుడు రెండు డిస్కులూ తగిలించి ఉంచా. అది విండోస్‌ని కొత్త డిస్కులో పెట్టి, దాన్ని లేపే బూట్ ఫైళ్లను మాత్రం పాతదాంట్లో ఉన్న సిస్టమ్ రిజర్వ్‌డ్ భాగంలోనే రాసింది. ఇల్లు కొత్తది, తాళం చెవి పాతింట్లో. ఈ సంగతి తెలియకుండా మొత్తం తుడిచి ఉంటే ఆ రోజు నా టెన్షన్ చెప్పనక్కర్లేదు. పాతదాన్ని అలాగే విడిగా పెట్టి, కొత్తదొక్కటే ఉంచి మళ్లీ మొదటి నుంచి వేశా. ఇది చదివేవాళ్లు చేయాల్సిందల్లా ముందే ఆ కేబుల్ పీకడం.

తర్వాత పాతదాంట్లో ఉన్నదంతా ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేశా. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో చూస్తే రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టినవి) సున్నా, పెండింగ్ (అనుమానంగా ఉన్నవి) సున్నా. ముసలిదే గానీ ఆరోగ్యం బాగుంది. అప్పుడు పార్టిషన్లన్నీ తీసేసి ఒకే డీ డ్రైవ్‌గా ఫార్మాట్ చేశా. 1 టీబీ అని కొన్నది 931 జీబీగా కనిపిస్తుంది. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన, అంతే తేడా. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్ మార్చి డీకి పంపా. ఫాంట్లు, ఫొటోషాప్, ఆ రోజు చేస్తున్న కార్డు మాత్రం ఎస్‌ఎస్‌డీలోనే.

ఎక్స్‌టర్నల్‌ని చెరిపేయలేదు. అది ఇంట్లో అటక మీద ఉంటుంది. 2022 జూలైలో గోదావరి వరద చూసినవాణ్ణి, ఫొటోలన్నీ దుకాణంలోనే పెట్టి నిద్రపోలేను.

ఇప్పుడు అగరబత్తి అంటించేలోపే డెస్క్‌టాప్ వచ్చేస్తోంది. చాయ్ మాత్రం మానలేదు.

మొన్న చెన్నూరు నుంచి ఒకామె వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు ఘాట్ దగ్గర వాళ్ల నాన్న ఫొటో తీశానట, ఆయన ఇప్పుడు లేరట. తేదీ గుర్తు లేదంది. పన్నెండు రోజుల పుష్కరం, వేల ఫొటోలు, ఫోల్డర్ పేరేమో "పుష్కరం ఫైనల్ 2 కొత్తది". డీ డ్రైవ్ తెరవగానే పాత డిస్కు కిర్రుమంది. స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటే చూసింది. మూడో రోజు ఫొటోల్లో దొరికాడాయన, తడి తువ్వాలు భుజాన వేసుకుని. రెండు ప్రింట్లు అడిగింది, ఒకటి లామినేషన్ చేసి.