పింట్ పక్కన పొగలు కక్కే పళ్లెం: బ్లాక్ కంట్రీ దేశీ పబ్బులు

ఊరి నుంచి చుట్టాలు ఎవరు వచ్చినా మొదటి శనివారం నేను వాళ్లను పబ్బుకు తీసుకెళ్తాను. చాలామంది ముందు మొహం ముడుచుకుంటారు. హైదరాబాద్‌లో పబ్ అంటే చెవులు చిల్లులు పడే పాటలు, రంగు దీపాలు, వాకిట్లో కాపలా మనుషులు కదా. ఇంగ్లండ్‌లో పబ్ అంటే అది కాదు. పేటకు ఒకటో రెండో ఉండే సాదా చోటు. తివాచీ పాతబడి ఉంటుంది. టీవీలో ఫుట్‌బాల్ నడుస్తుంటుంది. ఒక మూల ముసలాయన గంట నుంచీ అదే పింట్ (పెద్ద బీరు గ్లాసు)తో పత్రిక చదువుకుంటూ ఉంటాడు. నేను ఉండే బర్మింగ్‌హామ్ పడమటి శివారు నుంచి వుల్వర్‌హాంప్టన్ దాకా ఉన్న పాత బొగ్గు గనుల, ఇనుప ఫౌండ్రీల ప్రాంతాన్ని బ్లాక్ కంట్రీ అంటారు. ఇక్కడ అలాంటి పబ్బులు కొన్ని పంజాబీలు, గుజరాతీలు నడుపుతున్నారు. వాటిని దేశీ పబ్బులు అంటారు. ఈ దేశంలో నేను తిన్న మంచి మాంసాహారంలో ఎక్కువ భాగం వాటిలో తిన్నదే.

ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది ఆ గుమ్మం తొక్కరు. నేను ఇది రాయడానికి ముఖ్య కారణం అదే. భోజనానికి రెస్టారెంటు, తాగడానికి పబ్, కుటుంబంతో అయితే రెస్టారెంటే అని మనసులో ఒక గీత గీసుకుని ఉంటాం. ఈ పబ్బుల్లో ఆ గీత లేదు.

సంగతి అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1950ల్లో, 60ల్లో పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు ఈ ప్రాంతపు పట్టణాలైన స్మెథిక్, వెస్ట్ బ్రామిచ్ ఫౌండ్రీల్లో చేరారు. కరిగిన లోహం పక్కన రోజంతా నిలబడే పని. షిఫ్టు దిగగానే ఒంట్లో నీరంతా ఆవిరై ఉంటుంది. పక్కన పనిచేసే తెల్లవాళ్లు అప్పటికి ఎన్నో తరాలుగా అలాగే పబ్బుకు వెళ్లి, మైల్డ్ అనే పలచటి నల్లబీరు తాగేవాళ్లు. పంజాబీలు కూడా వెళ్లారు. చాలా పబ్బుల్లో వాళ్లను వెనక్కి పంపేవారు. కొన్నింట్లో ముందరి బార్ గదిలో పోసేవారు కానీ, మెత్తటి కుర్చీలున్న లోపలి గదుల్లోకి రానిచ్చేవారు కాదు. దీన్నే కలర్ బార్ అనేవారు. అప్పటికి అది చట్టవిరుద్ధం కూడా కాదు.

ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్‌లో అవతార్ సింగ్ జౌహల్ అని ఒకాయన ఉండేవారు. 1958లో వచ్చి ఫౌండ్రీలో పనిచేసిన మనిషి. విశ్వవిద్యాలయ విద్యార్థులను వెంటబెట్టుకుని ఒక్కో పబ్బుకు వెళ్లేవారు. తెల్ల విద్యార్థులకు పోసి తమకు పోయకపోతే అందరూ కలిసి నిలదీసేవాళ్లు. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లవారి హక్కుల నాయకుడు మాల్కం ఎక్స్ స్మెథిక్ వచ్చినప్పుడు జౌహల్ ఆయన్ను బ్లూ గేట్స్ అనే పబ్బుకు తీసుకెళ్లారు. లోపలి గదిలో పోయం, బార్ గదికి వెళ్లండి అని చెప్పారట. ఆ తర్వాత తొమ్మిది రోజులకే మాల్కం ఎక్స్ న్యూయార్క్‌లో హత్యకు గురయ్యారు. ఆ ఏడాది చివరకు వచ్చిన రేస్ రిలేషన్స్ చట్టం పబ్బుల వంటి బహిరంగ స్థలాల్లో వర్ణ వివక్షను నిషేధించింది. చట్టం వచ్చినంత మాత్రాన గుమ్మాలన్నీ ఒక్కసారిగా తెరుచుకోలేదు. ఏళ్లు గడిచాక, తమను రానివ్వని పబ్బులనే మనవాళ్లు ఒక్కొక్కటిగా తీసుకుని నడపడం మొదలుపెట్టారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. నేను పంజాబీని కాను, ఫౌండ్రీ గడప తొక్కినదాన్నీ కాను. అయినా ఈ ఊళ్లో ఏ పబ్బులోనైనా బెరుకు లేకుండా కూర్చుని నిమ్మకాయ సోడా అడగగలుగుతున్నానంటే అది వాళ్లు పోట్లాడి తెచ్చిందే.

ఇక తిండి సంగతి.

అంతకుముందు ఈ ప్రాంతపు పబ్బుల్లో తినడానికి దొరికేవి కొద్దిపాటే. కరకరలాడే పంది చర్మపు వేపుడు, వెనిగర్‌లో ఊరవేసిన గుడ్లు, జున్ను, ఉల్లిపాయ పెట్టిన గుండ్రటి బన్ను. దాన్ని ఇక్కడ కాబ్ అంటారు. కొన్ని చోట్ల బూడిదరంగు బఠాణీలు, బేకన్ వేసి ఉడికించిన గిన్నె. వీటిని నేను తక్కువ చేయను. చలికాలపు సాయంత్రం ఆ బఠాణీల గిన్నె హాయిగా ఉంటుంది. కానీ వాటి పని ఆకలి తీర్చడం కాదు, ఇంకో గ్లాసు తాగించడం. దేశీ పబ్బులవాళ్లు చేసింది ఏమిటంటే ఇంట్లో వండేది తెచ్చి బార్ పక్కన పెట్టారు. షిఫ్టు దిగినవాడికి ఉప్పు, కారం, కొవ్వు కావాలి. బొగ్గుల మీద కాల్చిన మాంసం కావాలి. అక్కడి నుంచే మిక్స్‌డ్ గ్రిల్ వచ్చింది.

మిక్స్‌డ్ గ్రిల్ వస్తుంటే ముందు చప్పుడు వినిపిస్తుంది. చెక్క పలక మీద ఎర్రగా కాలిన ఇనుప పళ్లెం, దాని మీద చక్రాలుగా తరిగిన ఉల్లిపాయలు చుర్రుమంటూ ఉంటాయి. పొగ తగ్గేదాకా ఏ ముక్క ఏదో తెలియదు. అడుగున ఉల్లి, దాని మీద తందూరీ కోడి రెక్కలు, టిక్కా ముక్కలు, సీఖ్ కబాబులు, అన్నిటికంటే పైన గొర్రె చాపులు. నేను మొదట చాపు అందుకుంటాను. ఎముక చివర చేత్తో పట్టుకుని తినాలి, చాకూ ఫోర్కూ పక్కన పెట్టండి. మంచి చోట చాపు అంచున కొవ్వు నల్లగా మాడి కరకరలాడుతుంది, ఎముకకు అంటుకున్న చోట మాంసం ఇంకా రసంతో ఉంటుంది. మసాలా పైపైన పూసినట్టు ఉండదు. ముందు రోజే పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, కసూరీ మేథీలో నానబెట్టి ఉంటే ఆ తేడా ఎముక దగ్గర తెలుస్తుంది. పైన ఎంత బాగున్నా ఎముక దగ్గర చప్పగా ఉంటే ఆ వంటవాడు తొందరపడ్డాడని అర్థం. అడుగున ఉన్న ఉల్లిపాయలను వదిలేయకండి. పైనుంచి కారిన కొవ్వులో, నిమ్మరసంలో మగ్గి సగం తీపి, సగం చేదు ఎక్కి ఉంటాయి. చివరి నాన్ ముక్క వాటి కోసం దాచుకోవాలి.

చేప పకోడీ కూడా తప్పక తినండి. శనగపిండి, వాము, ఎండుకారం. పిండి పలుచగా ఉండి, లోపలి తెల్ల చేప ఆవిరితో ఉడికి పొరలు పొరలుగా విడిపోవాలి. వాము చేసే మేలు నోటికి తెలుస్తుంది, కడుపుకు మర్నాడు తెలుస్తుంది.

బీరు తాగేవాళ్లు దీనితో ఎక్కువగా లాగర్ అనే చల్లటి లేతరంగు బీరు తీసుకుంటారు, కారం మీద ఆ నురగ హాయిగా ఉంటుంది. నా మటుకు నాకు పాత ఫౌండ్రీవాళ్ల మైల్డే బాగుంటుంది. కాల్చిన ధాన్యపు మెత్తటి తీపి దానిలో ఉంటుంది, మాడిన కొవ్వుకు సరిగ్గా అతుకుతుంది. మత్తూ తక్కువే. అర గ్లాసు చాలు. అసలు తాగనివాళ్లను ఎవరూ ఇక్కడ వింతగా చూడరు.

పోయిన వేసవిలో అత్తయ్య జనగామ నుంచి వచ్చింది. వెస్ట్ బ్రామిచ్‌లో ద వైన్ అని ఒక పబ్ ఉంది, ఫుట్‌బాల్ స్టేడియం హాథార్న్స్‌కు నడిచే దూరంలోనే. ముందు నుంచి చూస్తే చిన్న పాతకాలపు పబ్. లోపలికి నడిచే కొద్దీ పెద్ద హాలు, దానిలో అందరికీ కనబడేలా బొగ్గుల పొయ్యి. అక్కడికి తీసుకెళ్లాను. అత్తయ్య కాసేపు చుట్టూ చూసింది. ఒక బల్ల దగ్గర ఫుట్‌బాల్ చొక్కాలు వేసుకున్న తెల్లవాళ్లు, పక్క బల్ల దగ్గర తలపాగా పెట్టుకున్న తాత, ఆయన కోడలు, ఇద్దరు పిల్లలు. పొయ్యి దగ్గర నిలబడి కబాబులు తిప్పుతున్న మనిషి.

"ఇది మన కల్లు మండువా లాంటిదే కదమ్మా" అంది అత్తయ్య.

నేను ఇన్నేళ్లు చూసి చెప్పలేకపోయిన మాట అది. మా వైపు ఊళ్లలో ఈతచెట్ల కింద గౌడన్న కల్లు పోస్తుంటే పక్కనే ఒకామె గంపలో ఉడికించిన గుడాలు, వేయించిన బోటీ అమ్ముతుంది. బొబ్బర్లో శనగలో, మీద ఉల్లిపాయ, కారం. పండుగల్లో ఆడవాళ్లూ కూర్చుంటారు. అక్కడ కల్లు ఎంత ముఖ్యమో గుడాలూ అంతే ముఖ్యం. పట్నంలో బార్లు వచ్చాక, తాగే చోటు మగవాళ్లు చీకట్లో తలదాచుకునే చోటైంది. అత్తయ్యకు ఈ పబ్ కొత్తగా అనిపించకపోవడానికి కారణం అదే. నిమ్మ సోడా తాగింది, మూడు చాపులు తింది, "ఉప్పు కాస్త తక్కువైంది" అంది. ఆవిడ ఏ వంటనైనా అంతకంటే మెచ్చుకోగా నేను వినలేదు.

ఈ తిండి వెనక డబ్బు లెక్క కూడా ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లో చాలా పబ్బుల భవనాలు పెద్ద కంపెనీలవి. నడిపేవాళ్లు అద్దెదారులు. అద్దె ఒప్పందంలోనే, బీరు తమ దగ్గరే కొనాలని కంపెనీ షరతు పెడుతుంది. ధర కూడా కంపెనీ చెప్పిందే. దాంతో గ్లాసు మీద నడిపేవాడికి మిగిలేది తక్కువ. వంటగదిలో వచ్చేది మాత్రం సాధారణంగా అతనిదే. సూపర్ మార్కెట్లలో బీరు చవకైపోయింది. 2007 జూలై నుంచి పబ్బు లోపల పొగ తాగడం నిషేధించారు. ఫౌండ్రీలు మూతపడ్డాయి. గ్లాసును మాత్రమే నమ్ముకున్న పబ్బులు ఈ దెబ్బలకు ఎన్నో మూతపడ్డాయి. పొయ్యిని నమ్ముకున్నవి చాలావరకు నిలబడ్డాయి. అందుకే, పబ్బులో తిండి పెడితే పబ్ తన స్వభావం కోల్పోతుందని వాపోయేవాళ్ల మాట నాకు రుచించదు. ఈ పేటల్లో తిండి లేకపోతే ఆ స్వభావాన్ని నిలబెట్టడానికి పబ్బే మిగిలేది కాదు.

లండన్‌లో 1991లో ఫారింగ్‌డన్ రోడ్డులో ద ఈగిల్ అనే పబ్ మంచి వంటతో మొదలై గ్యాస్ట్రోపబ్ అనే పోకడకు దారి తీసింది. ఆ చరిత్ర రాసేవాళ్లంతా అక్కడి నుంచే మొదలుపెడతారు. ఈగిల్‌ను గౌరవిస్తాను. కానీ అంతకుముందే ఇక్కడి దేశీ పబ్బుల్లో బొగ్గులు రాజుకుని ఉన్నాయి. గ్యాస్ట్రోపబ్ అనే పేరు వచ్చాక ఎన్నో పబ్బులు తెల్ల పళ్లేలు, మైనపు వత్తులు పెట్టి, పేటవాళ్లు వెళ్లలేని ధరలు పెట్టాయి. దేశీ పబ్బు గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది. పాత ఖాతాదారు ముసలాయన తన మూల కుర్చీలో తన మైల్డ్ తాగుతూ అలాగే ఉన్నాడు. ఆయన బల్ల మీదికి కబాబు వచ్చింది, ఆయన కుర్చీ పోలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. బల్ల దగ్గర కూర్చుని ఎవరైనా వస్తారని ఎదురుచూడవద్దు. చాలా చోట్ల మీరే బార్ దగ్గరకు వెళ్లి, బల్ల సంఖ్య చెప్పి, ముందే డబ్బు కట్టి రావాలి. మిక్స్‌డ్ గ్రిల్ పెద్దది. ఇద్దరికని రాసి ఉంటే ముగ్గురు తినవచ్చు. వెస్ట్ బ్రామిచ్ జట్టు ఆట ఉన్న రోజున స్టేడియం పక్క పబ్బుల్లో నిలబడటానికీ చోటుండదు. ఆ సందడి చూడాలంటే ఆ రోజే వెళ్లండి, తీరిగ్గా తినాలంటే వారం మధ్యలో వెళ్లండి. బర్మింగ్‌హామ్ నుంచి ట్రామ్ ఉంది, కారు ఇంట్లో వదిలేయండి. పిల్లలను తీసుకెళ్లవచ్చా అని ముందు ఫోను చేసి కనుక్కోండి, రాత్రి ఒక వేళ దాటాక కొన్ని చోట్ల ఒప్పుకోరు. వెస్ట్ బ్రామిచ్‌లోనే ఉన్న ద రెడ్ లయన్ పబ్బుకు వెళ్తే తినే ముందు రంగు అద్దాల కిటికీలు చూడండి. వలస వచ్చినవాళ్ల కథను వాటి మీద బొమ్మలుగా వేయించారు. చర్చిలో సాధువులకు దక్కే గౌరవం అక్కడ ఫౌండ్రీ కూలీలకు దక్కింది.

నాకొక కోరిక ఉంది. మనవాళ్లు ఇక్కడ బిర్యానీ హోటళ్లు ఎన్నో పెడుతున్నారు. వాళ్లలో ఒక్కరైనా మూతపడిన పేట పబ్ ఒకటి తీసుకోవాలి. పేరు మార్చవద్దు, తివాచీ మార్చినా ఆ ముసలాయన కుర్చీ కదపవద్దు. మైల్డ్ పంపు అలాగే ఉంచి, పక్కన పెనం పెట్టాలి. కరివేపాకు, మిరియాలు దట్టంగా వేసిన కోడి వేపుడు, రొయ్యల వేపుడు, ఉల్లిపాయ, నిమ్మకాయతో గుడాలు, శుక్రవారం మాత్రం బోటీ. శుక్రవారం ఇక్కడ అందరూ చేపలు, చిప్స్ తినే రోజని నాకు తెలుసు. చింతపండు, కారం పట్టించి వేయించిన చేప కూడా ఆ రోజే పెట్టమని చెప్తాను. ఎవరైనా ముందుకొస్తే గుడాలు ఉడికించే పని నేను చేస్తాను, వారాంతాల్లో జీతం కూడా అక్కర్లేదు.