సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టిన లెక్క

2025 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్న అడిగారు. "పిల్ల ఇంజినీరింగ్‌కి డబ్బు ఎక్కడ పెట్టావమ్మా?"

"మ్యూచువల్ ఫండ్స్‌లో ఉంది నాన్నా."

"ఎంత ఉంది?"

ఫోన్ తీశాను. ఒక యాప్‌లో ఐదు ఫండ్లు, బ్యాంకు యాప్‌లో నాలుగు కనిపించాయి. ఇంకో రెండు ఉండాలి, అవి ఎక్కడున్నాయో గుర్తు రాలేదు. పదేళ్లుగా నెలనెలా డబ్బు కడుతున్నదాన్ని, పైగా ఉద్యోగం అకౌంట్స్‌లో. నాన్న ఏమీ అనకుండా అరిసెల ప్లేటు ఇటు జరిపారు. తిట్టినా బాగుండేది.

హైదరాబాద్ తిరిగొచ్చాక మొదట స్టేట్‌మెంట్ తెప్పించాను. ఫండ్ కంపెనీల తరఫున ఖాతాల లెక్కలు చూసే క్యామ్స్, కేఫిన్‌టెక్ సంస్థల సైట్లలో పాన్, మెయిల్ ఐడీ ఇచ్చి మనకు నచ్చిన పాస్‌వర్డ్ పెడితే అన్ని కంపెనీల ఫండ్లూ కలిపి ఒకే పీడీఎఫ్‌గా మెయిల్‌కి పంపిస్తారు. ఇది ఉచితమని నాకు పదేళ్ల తర్వాత తెలిసింది. తప్పిపోయిన రెండు ఫండ్లు పాత ఆఫీసు మెయిల్‌తో ఉన్నాయి. మెయిల్ మార్పించడానికే వారం పట్టింది.

మొత్తం పదకొండు. నేను ఏరి ఎంచుకున్నది ఒక్కటీ లేదు. ఒకటి బ్యాంకులో లాకర్ అడిగిన రోజు వాళ్లు అంటగట్టింది. మూడు ఈఎల్‌ఎస్‌ఎస్‌లు, అంటే పన్ను మినహాయింపు కోసం కొనే ఫండ్లు, మార్చి నెలల్లో పన్ను టెన్షన్‌తో మొదలుపెట్టినవి. మిగతావి తమ్ముడు చెప్పినవో, ఆ ఏడాది యాప్‌లో పైన కనిపించినవో.

ఇక పోల్చడం. రాబడి ఎక్కువున్నది ఉంచుకుని తక్కువున్నది తీసేస్తే సరి అనుకున్నాను. ఐదేళ్ల రాబడి ప్రకారం అన్నీ వరుసగా రాసి షీటు దాచుకున్నాను. ఆఫీసు పనుల్లో పడి మళ్లీ మార్చి మూడో వారంలో తెరిచి, అంకెలు కొత్తవి వేశాను. రెండు నెలల్లో రాబడులు అమాంతం పెరిగి అన్ని ఫండ్లూ తెలివి మీరిపోయాయి! మార్కెట్ చూస్తే పెద్దగా పెరిగిందీ లేదు. కాసేపు బుర్ర గోక్కున్నాక అర్థమైంది, తేడా ఇటు చివర లేదు, అటు మొదట్లో ఉంది. జనవరిలో చూస్తే ఐదేళ్ల లెక్క 2020 జనవరి నుంచి మొదలవుతుంది, అప్పుడు యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ 12,300 దగ్గర ఉంది. మార్చిలో చూస్తే కరోనా దెబ్బకి 7,610కి పడిపోయిన 2020 మార్చి 23 దగ్గర మొదలవుతుంది. అలా లెక్కేస్తే అదే నిఫ్టీ ఒకచోట ఏడాదికి 13 శాతం, ఇంకోచోట 25 శాతం ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఏ ఫండ్ మేనేజర్ ప్రతిభా ఇందులో లేదు, క్యాలెండర్ మహిమ.

అప్పటి నుంచి ఒక తేదీ నుంచి ఇంకో తేదీకి వచ్చిన రాబడి చూసి నిర్ణయించడం మానేశాను. రోలింగ్ రిటర్న్స్ చూశాను. అంటే ప్రతి రోజునూ మొదటి రోజుగా తీసుకుని అన్ని ఐదేళ్ల ముక్కలనూ లెక్కేయడం. అందులో ఫండ్ బాగా వచ్చిన రోజులే కాదు, ఏమీ రాని ఐదేళ్లు కూడా బయటపడతాయి.

బ్యాంకు వాళ్లు అమ్మిన ఫండ్ గురించి విడిగా చెప్పాలి. "మీ ఫండ్ నిఫ్టీని దాటేసింది మేడమ్" అని ఏటా ఫోన్ చేసేవారు. అది మిడ్‌క్యాప్ ఫండ్. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2017లో పెట్టిన వర్గీకరణ ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలు లార్జ్, 101 నుంచి 250 దాకా మిడ్, 251 నుంచి స్మాల్. మిడ్‌క్యాప్ ఫండ్‌ని మిడ్‌క్యాప్ సూచీతో పోల్చాలి, అదీ డివిడెండ్లు కలిపిన టీఆర్ఐ సూచీతో. పోల్చి చూస్తే మా ఫండ్ వెనకబడి ఉంది. పైగా నాది రెగ్యులర్ ప్లాన్, అంటే అమ్మినవాళ్లకి ఏటా కమీషన్ పోయేది. అదే ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో ఖర్చు దాదాపు ఒక శాతం తక్కువ. పది లక్షల మీద ఒక శాతం అంటే ఏటా పదివేలు. ఆ ఫోన్‌కాల్‌కి నేనే డబ్బు కడుతున్నానన్నమాట.

సంతోషపెట్టిన లెక్క కూడా ఒకటుంది. ఒక లార్జ్‌క్యాప్‌లో నెలకి 5,000 చొప్పున ఐదేళ్లు కట్టాను. 3 లక్షలకి 4.2 లక్షలయ్యాయి. "ఐదేళ్లకి నలభై శాతం, అంటే ఏడాదికి ఎనిమిది. దీనికంటే ఎఫ్‌డీ నయం కదా" అన్నారు మా ఆయన. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ మొదటి వాయిదా ఒక్కటే ఐదేళ్లు ఉంది, చివరిది నెల రోజులే ఉంది. ఎక్సెల్‌లో ఒక వరుసలో తేదీలు, పక్క వరుసలో కట్టినవి మైనస్ గుర్తుతో, చివర ఇవాళ్టి విలువ ప్లస్‌గా వేసి ఏ వాయిదా ఎన్నాళ్లుందో చూసి ఏడాది రాబడి లెక్కేసే ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఫార్ములా పెడితే 13.5 శాతం వచ్చింది. ఆ ఫండ్ అమ్మేద్దామని ఎర్ర రంగు వేసి పెట్టుకున్నాను, తీసేశాను.

మూడు ఫండ్ల ఫ్యాక్ట్‌షీట్లు, అంటే ఏ కంపెనీల షేర్లు కొన్నాయో చూపే కాగితాలు, పక్కపక్కన పెట్టి చూస్తే హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, ఐసీఐసీఐ బ్యాంక్, రిలయన్స్ అన్నింటిలోనూ పైనే ఉన్నాయి. మూడు కొట్లలో మూడు సంచులు మోసుకొచ్చి ఇంట్లో విప్పితే మూడింట్లోనూ కందిపప్పే. రెండు సిప్‌లు (నెలనెలా కట్టే వాయిదాలు) ఆపేసి ఆ డబ్బు, నిఫ్టీలోని కంపెనీలనే అదే పాళ్లలో కొనే ఒక నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌కి మళ్లించాను.

ఇన్నాళ్లూ చేసింది ఫండ్‌ని ఫండ్‌తో పోల్చడమే. నాన్న అడిగింది అది కాదు. పిల్ల చదువుకి ఎంత ఉంది అని. ఆ పేరు మీద పెట్టిన డబ్బంతా ఒక స్మాల్‌క్యాప్ ఫండ్‌లో ఉంది. ఏడేళ్ల సిప్, కట్టింది 4.2 లక్షలు. 2024 సెప్టెంబరులో నిఫ్టీ 26,200 దాటిన రోజుల్లో అది 8.6 లక్షలు చూపించింది. మార్చి మొదట్లో నిఫ్టీ 22,000 దగ్గరికి వచ్చేసరికి ఇది 6.6కి దిగింది. ఫండ్ చెడ్డది కాదు, దాని కోవలో మంచిదే. కానీ ఫీజు కట్టాల్సింది 2026 ఆగస్టులో, పదిహేడు నెలల్లో. కాలేజీ వాళ్లు మార్కెట్ లేచేదాకా ఆగరు.

అసలు మొత్తం ఆస్తిలోనే తూకం పోయింది. ఫండ్లు, పీపీఎఫ్, ఎఫ్‌డీలు అన్నీ కలిపి 35 లక్షల్లో 28 లక్షలు ఈక్విటీలోనే, అంటే షేర్లు కొనే ఫండ్లలోనే, ఉన్నాయి. ఈక్విటీ అరవై శాతం, మిగతావి నలభై అని మొదట్లో అనుకున్న మాట. పెరుగుతుంటే చూసి మురిసిపోయానే తప్ప ఎప్పుడూ సర్దలేదు.

ఆ స్మాల్‌క్యాప్ అమ్మకం రెండు ముక్కలుగా చేశాను. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల మీద ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. అందుకని మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత. ఆ ఏడాది మార్చి 29, 30 శని ఆదివారాలు, ఉగాది కూడా 30నే, 31న రంజాన్ సెలవు. చివరి పని దినం 28 అన్నమాట. నేను 26నే నొక్కేశాను. 2.2 లక్షలు వచ్చాయి, అందులో లాభం 1.2. పన్ను సున్నా.

రెండో ముక్క ఏప్రిల్ 7, సోమవారం. శుక్రవారం ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ ధర) ప్రకారం 2.6 లక్షలు విలువ చేసే యూనిట్లకి పొద్దున్నే ఆర్డరు పెట్టి ఆఫీసుకి వెళ్లిపోయాను. అమెరికా సుంకాల భయంతో ఆ రోజు నిఫ్టీ 742 పాయింట్లు పడింది. మూడు గంటల లోపు పెట్టిన ఆర్డరుకి ఆ రోజు ఎన్‌ఏవీయే వర్తిస్తుంది కదా. చేతికొచ్చింది 2.5 లక్షలు. సంవత్సరమంతా వదిలేసి సరిగ్గా ఆ రోజే పట్టుకున్నానని మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు. జూన్ చివరికి నిఫ్టీ 25,500 దాటింది కూడా. అప్పుడు అమ్మి ఉంటే ఇంకో అరవై డెబ్బై వేలు వచ్చేవేమో. రెండు రోజులు బాధపడ్డాను, అబద్ధం ఎందుకు.

ఆ 4.7 లక్షలతో నాలుగు ఎఫ్‌డీలు వేశాను, 2026 జులై నుంచి ఏడాదికొకటి మెచ్యూర్ అయ్యేలా. బాండ్లలో పెట్టే డెట్ ఫండ్ గురించి కూడా ఆలోచించాను. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న వాటి లాభానికీ మన స్లాబు ప్రకారమే పన్ను, ఇక ఎఫ్‌డీతో పన్ను రేటులో తేడా లేదు. ఈక్విటీ ఇప్పుడు మూడింట రెండు వంతులు. అరవైకి తేవడం కోసమని ప్రత్యేకంగా ఏదీ అమ్మడం లేదు, కొత్త పొదుపులో ఎక్కువ భాగం పీపీఎఫ్‌కి వెళుతోంది. కొత్త పన్ను విధానంలోకి మారాక ఈఎల్‌ఎస్‌ఎస్ మీద వచ్చే 80సి మినహాయింపు ఎలాగూ లేదు, ఈఎల్‌ఎస్‌ఎస్ సిప్‌లు ఆపేశాను. వాటిలో ప్రతి వాయిదాకీ మూడేళ్ల తాళం విడివిడిగా ఉంటుంది, తాళం ఊడినవి ఊడినట్టు తీస్తున్నాను. బ్యాంకు ఫండ్‌ని డైరెక్ట్‌కి మార్చినా అది అమ్మకం కిందే లెక్క, అందుకని అదీ ఏటా కొంచెం కొంచెంగానే.

మొన్న నాన్న ఫోన్ చేశారు. "పిల్ల డబ్బు ఎఫ్‌డీలో వేశావటగా! నేను మొదట్నుంచీ అదే చెబుతున్నా." గొంతులో ఆ గర్వం వినాలి. ఇండెక్స్ ఫండ్ సిప్ సంగతి నేను ఎత్తలేదు.