చేతి పంపుతో పోటీకి: ఎయిర్ పిస్టల్ సిలిండర్ నింపుకోవడంలో నా అనుభవం

ఎయిర్ పిస్టల్ పట్టుకుని పోటీలకు తిరిగేవాళ్లందరినీ వేధించే ప్రశ్న ఒకటుంది: ఊరుగాని ఊళ్లో గాలి ఎక్కడ దొరుకుతుంది? పది మీటర్ల పిస్టల్‌లో 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌ను (చిన్న గుండును) ముందుకు తోసేది మందుగుండు కాదు, చిన్న సిలిండర్‌లో 200 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలమానం) దాకా కుక్కిన మామూలు గాలి. చెన్నైలో మేము సాధన చేసే రేంజిలో నీటి అడుగున ఈదేవాళ్లు వాడే పెద్ద స్కూబా సిలిండర్ ఉంది. దానికి తగిలిస్తే నిమిషంలో పని అయిపోతుంది. పోటీ జరిగే చోట కూడా అలాంటిదే పెడతారు కానీ, ఒక్కొక్కరు నింపుకునే కొద్దీ దాని ఒత్తిడి తగ్గుతూ పోతుంది. అది 150 బార్లకు దిగిందంటే ఆ తర్వాత వచ్చేవాళ్ల సిలిండర్లూ అంతకు మించి నిండవు. డిసెంబర్‌లో భోపాల్‌లో పోటీ ఉందని తెలియగానే, ఎవరి మీదా ఆధారపడకుండా సొంతంగా చేతి పంపు కొనుక్కున్నాను.

చూడటానికి సైకిల్ పంపులాగే ఉంటుంది, పని మాత్రం వేరు. ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టాలు, మూడు దశలు. మొదటి దశలో నొక్కిన గాలిని రెండోది, రెండోది నొక్కినదాన్ని మూడోది ఇంకా బిగిస్తాయి. 200 బార్లంటే చదరపు సెంటీమీటరు మీద దాదాపు 200 కిలోల బరువు. అందుకే చివరి గొట్టాన్ని అంత సన్నగా చేస్తారు. లేకపోతే మనిషి బరువుకు అది కిందికి దిగదు.

నెల్లూరు నుంచి వచ్చి చాలాకాలంగా చెన్నైలోనే స్థిరపడిన మా మాస్టారు దగ్గరుండి నేర్పించారు. “భుజాలతో నొక్కకమ్మా. మోచేతులు నిటారుగా పెట్టి ఒళ్లంతా దాని మీదికి వాల్చు. పైకి లాగేటప్పుడు చివరంటా లాగు, కింద తగిలాక ఒక్క క్షణం ఆగు” అన్నారు. ఆ ఆగడంలోనే అసలు కిటుకు ఉంది. కింది దశ నుంచి గాలి పూర్తిగా పై దశకు చేరడానికి ఆ క్షణం కావాలి. తొందరపడితే ఒళ్లు అలసిపోతుంది కానీ ఒత్తిడి చూపే మీటరు ముల్లు కదలదు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది చెన్నై తేమ. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఇక్కడి గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 100 మిల్లీలీటర్ల సిలిండర్‌ను 200 బార్లకు నింపాలంటే బయటి గాలి 20 లీటర్లు అందులోకి పోవాలి. ఆ 20 లీటర్లతోపాటు అర గ్రాము నీరు, అంటే ఇంచుమించు పది చుక్కలు వస్తాయి. అంత నీరు లోపలికి చేరితే సిలిండర్ గోడ, వాల్వు, ప్రతి షాటుకూ ఒకే ఒత్తిడితో గాలి అందించే రెగ్యులేటర్ అన్నీ పాడవుతాయి. ప్రతి విరామంలోనూ పంపు అడుగున ఉన్న చిన్న స్క్రూను తిప్పి గాలిని వదిలేయమని మాస్టారు చెప్పింది ఇందుకే. దాని కింద కాగితపు రుమాలు పట్టి చూశాను. బుస్సుమని తెల్లటి పొగలాంటిది వచ్చింది, కాగితం మీద తడి మచ్చ పరుచుకుంది, మధ్యలో రెండు మూడు బొట్లు మెరిశాయి. తేమను పీల్చే గుళికల ఫిల్టర్‌ను పంపుకు బిగించుకోవడం ఖర్చు అనిపించినా, చెన్నైలో ఉండేవాళ్లకు అది తప్పనిసరి అని నా నమ్మకం.

నూనె విషయంలో ఎవరు ఏం చెప్పినా వినకండి. గాలి బయటికి పోకుండా ఆపే పంపు సీళ్లు బిగుసుకుపోతున్నాయని కుట్టుమిషన్ నూనె వేసేవాళ్లను చూశాను. అంత ఒత్తిడిలో గాలి వేడెక్కి నూనె అంటుకోగలదు. డీజిల్ ఇంజన్ నడిచేదే ఆ సూత్రం మీద. పంపు తయారీదారు చెప్పిన సిలికాన్ గ్రీజు తప్ప మరేదీ దాని దగ్గరికి రానీయకూడదు.

విమాన ప్రయాణం అనుకున్నంత కష్టం కాలేదు. పిస్టల్‌ను చేతి సంచిలో తీసుకెళ్లనివ్వరు. ముందే తెలియజేసి చెక్-ఇన్ సామానులో వేయాలి. సిలిండర్‌ను పూర్తిగా ఖాళీ చేసి, పిస్టల్ నుంచి విప్పి, మీటరు సున్నా చూపిస్తున్నట్టు కనబడేలా పెట్టెలో పైన పెట్టాను. కౌంటర్‌లోని అమ్మాయికి ఇదంతా కొత్త. పై అధికారిని పిలిచింది, ఆయన షూటర్ గుర్తింపు పత్రం, కొనుగోలు రసీదు చూసి పంపించారు. ఎందుకైనా మంచిది, కాస్త ముందుగానే చేరుకోవాలి. పంపును విడిగా తువ్వాలులో చుట్టాను. పంపును సిలిండర్‌కు కలిపే అడాప్టర్‌ను మాత్రం పిస్టల్ పెట్టెలోనే ఉంచాను. ఒక కంపెనీ సిలిండర్‌కు పనికొచ్చే అడాప్టర్ మరోదానికి సరిపోకపోవచ్చు కాబట్టి అక్కడ ఎవరినో అడిగి తెచ్చుకోవడం కుదరదు. సిలిండర్ మీది తయారీ తేదీ కూడా బయలుదేరే ముందే చూసుకోవాలి. గడువు దాటినదాన్ని పోటీలో వాడకూడదు, నింపడం కూడా ప్రమాదమే.

భోపాల్ చలి మాకు కలిసొచ్చింది. 12 డిగ్రీల గాలి ఎంత తడిగా ఉన్నా ఘనపు మీటరుకు 11 గ్రాములకు మించి ఆవిరిని మోయలేదు. కాగితం మీద ఈసారి చెమ్మ తగిలీ తగలనట్టుగా ఉంది.

పంపు కొట్టాల్సింది పోటీకి ముందురోజు సాయంత్రమే, పొద్దున కాదు. 60 షాట్లు, 75 నిమిషాలు, ఒంటి చేత్తో పట్టుకున్న పిస్టల్, పది మీటర్ల దూరంలో 11.5 మిల్లీమీటర్ల వెడల్పున్న పది పాయింట్ల వలయం. పంపు కొట్టి వణుకుతున్న చేత్తో అక్కడ నిలబడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ముందురోజే నింపడానికి ఇంకో కారణం కూడా ఉంది. నొక్కుడు వల్ల గాలి వేడెక్కుతుంది, చల్లారాక ఒత్తిడి తగ్గుతుంది. నేను 200 దగ్గర ఆపితే, అన్నం తిని వచ్చేసరికి ముల్లు 190 దగ్గర నిలిచింది. పంపు గొట్టాన్ని తాకి చూసి, అది పూర్తిగా చల్లబడ్డాక మిగతాది నింపాను. మధ్య మధ్య విరామాలతో కలిపితే గంటకు దగ్గరగా పట్టింది.

1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం వాడిన జిరార్దోని గాలి తుపాకీని నింపడానికి పదిహేను వందల సార్లు పంపు కొట్టాల్సి వచ్చేదట. అన్వేషకులు లూయిస్, క్లార్క్ 1804లో అమెరికా పడమటి తీరానికి బయలుదేరినప్పుడు అలాంటి తుపాకీనే వెంట తీసుకెళ్లారని చెబుతారు. ఆ సైనికుల ఓపికకు దండం పెట్టాలి.

పోటీ రోజు నా వంతు వచ్చేసరికి రేంజిలో పెద్ద సిలిండర్ దగ్గర బారెడు వరస ఉంది. నేను సరాసరి ఫైరింగ్ పాయింట్‌కు వెళ్లిపోయాను. గురి సరిచూసుకునే సైటింగ్ షాట్లు, 60 పోటీ షాట్లు అన్నీ పూర్తయ్యాక కూడా ముల్లు 100 పైనే ఉంది. రెగ్యులేటర్ సరిగా పనిచేయడానికి నా పిస్టల్‌కు 70 చాలు. మా జట్టులోని ఇద్దరు పిల్లలు అదే సాయంత్రం నా గదికి వచ్చి, తమ అడాప్టర్లు తగిలించి, మాస్టారు చెప్పిన లెక్కలోనే నొక్కి, ఆగి, మళ్లీ నొక్కుతూ తమ సిలిండర్లు నింపుకున్నారు.