పాలిషర్ కంటే ముందు ప్యాడ్లు వెతికాను

మాది నల్ల హోండా సిటీ. నల్ల కారు ఉన్నవాళ్ళకి ఇక మిగతాది చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నిజాంపేటలో మేముండే అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే ఒకతను బకెట్, గుడ్డ పట్టుకుని వరసగా కార్లన్నీ తుడుచుకుంటూ పోతాడు. చుట్టూ ఎక్కడ చూసినా బిల్డింగులు లేస్తున్నాయి, తెల్లారేసరికి బానెట్ మీద సిమెంటు దుమ్ము. ఆ దుమ్మును అందరి కార్లకూ తిరిగిన అదే గుడ్డతో రుద్దితే పెయింట్ ఏమవుతుంది? ఎండలో నిలబెడితే సాలెగూడు పరిచినట్టు గుండ్రటి సన్న గీతలు. పైగా బోరు నీళ్ళ మరకలు.

కార్లకి పాలిష్ చేసి మెరిపించే డిటైలింగ్ వాళ్ళని అడిగితే, పైన వేసే రక్షణ కోటింగ్‌తో కలిపి పాతిక వేలు దాటుతుందన్నారు. చేసే పనికి అది ఎక్కువేం కాదు, ఆ శ్రమ ఎంతో ఇప్పుడు నాకు బాగా తెలుసు. కానీ ఆ గుడ్డ రోజూ తిరుగుతూనే ఉంటుంది, గీతలు మళ్ళీ పడతాయి. ఆ గీతలు పోయేలా రుద్దే పాలిషర్ మెషీన్ ఒకటి కొని, ఏడాదికోసారి నేనే చేసుకోగలిగితే మేలనిపించింది.

మా ఆవిడ తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. సంగతి తెలిసి, "బావా, ఇక్కడ సేల్ నడుస్తోంది, వచ్చేటప్పుడు తెస్తాలే" అన్నాడు. వద్దన్నాను. అక్కడి మెషీన్ 120 వోల్టులది, మన ప్లగ్‌లో వచ్చేది 230. మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, ఆ సైజు ట్రాన్స్‌ఫార్మర్‌ని మోసుకుంటూ కారు చుట్టూ ఎవరు తిరుగుతారు? రిపేరు వస్తే అడగడానికీ ఇక్కడ ఎవరూ ఉండరు.

రాణిగంజ్ వెళ్ళాను. టూల్స్ షాపాయన పాలిషర్ అనగానే రోటరీ అనే రకం తీసి కౌంటర్ మీద పెట్టాడు. "ఇది తీస్కోండి సార్, పవర్ మస్తుంటది. షెడ్లోళ్ళందరు ఇదే కొంటరు." ఆయన చెప్పింది నిజమే. రోటరీలో, పెయింట్‌ని రుద్దే స్పాంజి ప్యాడ్‌ని పట్టుకునే ప్లేటు ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. కోత, అంటే పెయింట్‌ని అరగదీయడం, గట్టిగా ఉంటుంది, పని తొందరగా అవుతుంది. వేడి కూడా అంతే తొందరగా పుడుతుంది.

ఇంట్లో గ్రైండర్ ఉంది కదా, దానికే పాలిషింగ్ ప్యాడ్ తగిలిస్తే పోలా అని మా పక్క ఫ్లాట్ ఆయన సలహా. నాలుగంగుళాల యాంగిల్ గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. రోటరీ పాలిషర్‌నే సాధారణంగా 3,000 లోపు వాడతారు. గ్రైండర్ పెడితే పెయింట్ పాలిష్ అవదు, ఊడుతుంది.

రోటరీ కొనే ముందు ఒకసారి పట్టుకుని చూడాలనిపించి, మూసాపేటలో డెంటింగ్ పెయింటింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. పక్కన పడేసిన పాత బానెట్ చూపించి, ఉన్ని ప్యాడ్ బిగించిన తన మెషీన్ చేతికిచ్చాడు. స్విచ్ నొక్కగానే అది ఒక పక్కకి లాగేస్తుంది. ప్యాడ్ ఏ కాస్త వంగినా ఇంకో పక్కకి. "అంచుల కాడ ఒక్క సెకను ఎక్కువ ఆగితే ప్రైమర్ కనవడ్తది సార్. చెయ్యి కుదరాలె" అన్నాడు. ఆయన చేతిలో అదే మెషీన్ ఎంత నెమ్మదిగా, నిదానంగా కదిలిందో! ఆ పనితనం నాకు ఒక ఆదివారంలో రాదు.

ఇక్కడ పెయింట్ మందం గురించి చెప్పాలి. కంపెనీ నుంచి వచ్చిన కార్ల మీద అడుగున ప్రైమర్, దాని మీద రంగు, పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్ అన్నీ కలిపి సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. మనం పాలిష్ చేసేది పైనున్న క్లియర్ కోట్‌నే, అది 40, 50 మైక్రాన్లు. ఎండలోని అల్ట్రావయొలెట్‌ని తట్టుకునేది కూడా ఆ పొరే. అందులోంచి తీసింది తిరిగి రాదు. సెకండ్ హ్యాండ్ కార్లు కొని అమ్మే స్నేహితుడి దగ్గర మందం కొలిచే గేజ్ అడిగి తెచ్చాను. బానెట్, రూఫ్ 110 చుట్టుపక్కల చూపించాయి. ఎడమ వెనక డోర్ మాత్రం 260! ఎప్పుడో మళ్ళీ పెయింట్ వేశారన్నమాట. బంపర్ల మీద ఈ గేజ్ పనిచేయదు, కింద ప్లాస్టిక్ కాబట్టి. అదీగాక ప్లాస్టిక్ వేడిని రేకులా బయటికి పంపదు, అక్కడ మరీ తేలిగ్గా చెయ్యాలి.

అలా రోటరీ పక్కకు పోయింది, డ్యూయల్ యాక్షన్ మిగిలింది. అందరూ డీఏ అంటారు. ఇందులో ప్లేటు తన చుట్టూ తాను తిరుగుతూ, ఇరుసు చుట్టూ చిన్న వృత్తంలో కూడా ఊగుతుంది. వేడి ఒకే చోట పేరుకోదు. ప్యాడ్ ఏదైనా అంచుకి గట్టిగా ఆనుకుంటే తిరగడం ఆగిపోయి ఊరికే వణుకుతుంది. కొత్తవాడికి ఇదే రక్ష.

ఆ ఊగే వృత్తం వ్యాసాన్ని త్రో అంటారు. బజార్లో 8, 15, 21 మిల్లీమీటర్లవి దొరుకుతాయి. త్రో పెద్దదైతే ప్రతి ఊపులో ఎక్కువ చోటు తిరుగుతుంది, రూఫ్ లాంటి చదును భాగం చకచకా అయిపోతుంది. 21 మీద నాకూ మోజు పుట్టింది. కానీ మా కారు పక్కల మీద పదునైన గీతలున్నాయి, డోర్ హ్యాండిళ్ళ కింద లోపలికి వంపులు. అలాంటి చోట పెద్ద త్రో మెషీన్ ప్యాడ్ ఊరికే ఆగిపోతుంటుంది. ఎస్‌యూవీ అయితే 21 తీసుకునేవాణ్ణేమో. ఎంత ఒత్తినా ఆగకుండా గేర్లతో తిప్పే రకం కూడా ఉంది. కోత బాగుంటుంది, కానీ ఆగిపోవడం అనే ఆ రక్ష అందులో ఉండదు. చివరికి 15 దగ్గర ఆగాను.

తర్వాత బ్రాండ్ల టెన్షన్. ఇటలీ వాళ్ళ రూపెస్ చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు, ధర చూస్తే వదలక తప్పదు. తక్కువ ధరవాటిలో ఒకరు 900 వాట్లంటారు, ఇంకొకరు 1,200 అంటారు. వాట్లు మెషీన్ తాగే కరెంటు లెక్క, ప్యాడ్ దగ్గరికి ఎంత చేరుతుందో దాన్నిబట్టి తెలియదు. బరువు పడ్డప్పుడు స్పీడ్ పడిపోకుండా చూసే ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉందా అన్నది నాకు అంతకంటే ముఖ్యం.

అసలు తేల్చింది మాత్రం ప్యాడ్లు. మెషీన్ ఒకసారి కొంటాం, ప్యాడ్లు అరిగిపోతూనే ఉంటాయి. ఒక కారుకి ఒక ప్యాడ్ చాలదు. ప్యాడ్‌కి రాసే రాపిడి క్రీము (కాంపౌండ్), రాలిన పెయింట్ కలిసి గడ్డకట్టి, తడిసి, వేడెక్కి, స్పాంజి మెత్తబడిపోతుంది. రెండు మూడు ప్యానెళ్ళకొకటి మార్చుకోవాలి. అందుకని నచ్చిన మెషీన్లు పక్కన పెట్టి, ఏ సైజు ప్యాడ్లు రాణిగంజ్‌లోనూ ఆన్‌లైన్‌లోనూ ఎప్పుడడిగినా దొరుకుతున్నాయో చూశాను. ఐదంగుళాల ప్లేటుకి సరిపోయేవి కోత రకం, పాలిష్ రకం, ఫినిషింగ్ రకం అన్నీ ఉన్నాయి. వింత సైజు ప్లేట్ల మెషీన్లన్నీ అక్కడే ఎగిరిపోయాయి. మిగిలినవాటిలో ప్లేటు విడిగా అమ్మేవాళ్ళదే తీసుకున్నాను, ఎందుకంటే ప్లేటు మీద ప్యాడ్‌ని పట్టుకునే వెల్క్రో కూడా వేడికి పోతుంది.

కరెంటు సంగతి తేలిక. ఈ మెషీన్ నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది, మామూలు చిన్న ప్లగ్ చాలు. పార్కింగ్‌లో ప్లగ్ లేదు కాబట్టి వాచ్‌మన్ గది నుంచి లాగాను. సన్న వైరుది కాకుండా 1.5 స్క్వేర్ ఎంఎం వైరుతో ఎక్స్‌టెన్షన్ చేయించి, వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పి పరుస్తాను. చుట్టి ఉంచితే వేడెక్కుతుంది.

పనికి ముందు కడగడం, పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మట్టిముద్దలాంటి క్లే బార్‌తో రుద్దడం, రబ్బరు, ప్లాస్టిక్ అంచులకి మాస్కింగ్ టేప్. చివరిగా కడగడానికి మంజీరా కుళాయి నీళ్ళు వాడాను, బోరు నీళ్ళు ఆరితే మళ్ళీ అవే మరకలు. ఎండాకాలం ఎండలో నిలబడ్డ రేకు మీద కాంపౌండ్ పెట్టగానే పొడి అయిపోతుంది, బిల్డింగు కింద పిల్లర్ల మధ్య పార్కింగ్ (స్టిల్ట్) నీడలోనే చెయ్యాలి. ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీసుకున్నాను. గీత తిరుగుతూ కనిపిస్తే ప్యాడ్ పనిచేస్తున్నట్టు, నిలిచిపోతే నేను ఎక్కువ ఒత్తుతున్నట్టో, ప్యాడ్ వంకరగా ఉన్నట్టో.

బానెట్ మీద రెండడుగుల చదరం టేప్‌తో కట్టి ముందు మెత్తని ప్యాడ్, సన్న పాలిష్‌తోనే మొదలుపెట్టాను. దానికే చాలా గీతలు పోయాయి. హోండా పెయింట్ కాస్త మెత్తన అని డిటైలింగ్ వాళ్ళు అంటుంటారు, నాకూ అలాగే అనిపించింది. గట్టి కాంపౌండ్ రూఫ్ మీద నీళ్ళ మరకలకే వాడాను. గోరుకి తగిలే లోతైన గీతల జోలికి పోలేదు. వాటిని తీయాలంటే క్లియర్ కోట్ చాలా పోతుంది, ఉంటే ఉండనీ.

అద్దం పక్క స్తంభాలకి, నంబర్ ప్లేట్ చుట్టూ ఐదంగుళాలు పట్టదు. అక్కడ చేత్తోనే చేశాను, మూడంగుళాల ప్లేట్ మెషీన్ మీద ఇప్పుడు కన్నుంది. బకెట్ అతనికి నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు కొనిచ్చి, మా కారు పొడిగా తుడవద్దని చెప్పాను. గ్రైండర్ సలహా ఇచ్చిన పక్క ఫ్లాట్ ఆయన ఈ మధ్య మెషీన్ అడిగాడు. "తప్పకుండా తీసుకోండి సార్, ప్యాడ్లు మాత్రం మీవి మీరే తెచ్చుకోండి, ఐదంగుళాల ప్లేటుకి" అన్నాను.