ఎత్తుకు వెళ్లాక మూత్రం ఎక్కువ రావడం మంచిదే: ఆడవాళ్ల ఒంట్లో నీటి లెక్క

3,000 మీటర్లు దాటి ఎక్కేవాళ్లకు అందరూ ఇచ్చే మొదటి సలహా: నీళ్లు బాగా తాగు, తలనొప్పి రాదు. ఇందులో సగమే నిజం. నీళ్లు తాగితే ఒళ్లు ఎండిపోకుండా ఉంటుంది గానీ, ఆక్సిజన్ చాలక వచ్చే మౌంటెన్ సిక్‌నెస్ ఆగదు. దాన్ని ఆపేది నెమ్మదిగా ఎక్కడమే. 3,000 మీటర్ల పైన నిద్రపోయే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక విశ్రాంతి రోజు ఉండాలి.

రోజుకు నాలుగు లీటర్లని జట్టులో అందరికీ ఒకే లెక్క చెప్పడం ఇంకో పొరపాటు. 70 కిలోల మగవాడి ఒంట్లో సుమారు 60 శాతం నీరు, అంటే 42 లీటర్లు. 55 కిలోల ఆడమనిషిలో సుమారు 50 శాతం, 27 లీటర్ల పైచిలుకు. ఒకటిన్నర లీటరు తగ్గితే అతనికి తగ్గింది 3.6 శాతం, ఆమెకు 5.5 శాతం. అక్కర్లేని ఒకటిన్నర లీటరు పట్టించినా అంతే, ఆమె రక్తంలో సోడియం అతనికన్నా ఎక్కువగా పలచబడుతుంది.

ఇక మూత్రం సంగతి. గాలిలో ఆక్సిజన్ తగ్గిన సంగతిని మెడలో కెరోటిడ్ ధమని దగ్గరుండే గ్రాహకాలు పసిగట్టి ఊపిరి వేగం పెంచుతాయి. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోయి రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అది సర్దుకోవడానికి కిడ్నీలు రక్తంలో క్షారంగా ఉండే బైకార్బొనేట్‌ను వదిలేస్తాయి. దాని వెంట సోడియం, సోడియం వెంట నీరు బయటికి వెళ్తాయి. నీటిని, ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ కూడా ఈ దశలో తగ్గుతుంది. మొదటి కొన్ని రోజుల్లో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, 10 నుంచి 20 శాతం దాకా తగ్గడం మామూలే. ఆ సమయంలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపిస్తుంది. కొత్త ఎర్రకణాలు పుట్టి కాదు, ఉన్న రక్తం చిక్కబడి. ఎర్రకణాలు నిజంగా పెరగడానికి వారాలు పడుతుంది.

కాబట్టి మొదటి రెండు రోజులు మాటిమాటికీ టెంట్ బయటికి వెళ్లాల్సి వస్తోందంటే ఒళ్లు అలవాటు పడుతోందన్నమాట. నిజంగా గమనించాల్సింది తాగింది తాగినట్టే ఉండిపోయి, మూత్రం సరిగా రాక, తలనొప్పితో మొహం ఉబ్బిన మనిషిని. మౌంటెన్ సిక్‌నెస్ వచ్చినవాళ్లలో నీరు ఇలా ఒంట్లోనే నిలిచిపోవడం తరచుగా కనిపిస్తుంది.

మొహం, చేతులు, పాదాలు వాచడం ఆడవాళ్లలో ఎక్కువ. నిద్ర లేవగానే కళ్ల చుట్టూ, నడక అయ్యాక వేళ్లకు తెలుస్తుంది. వాపు ఒక్కటే అయితే ప్రమాదం లేదు, కిందికి దిగాక రెండు మూడు రోజుల్లో తీస్తుంది. ఉంగరాలు మాత్రం బయల్దేరే ముందే తీసేయాలి, వేలు వాచాక రావు. బ్యాగు పట్టీలు మరీ బిగించి ఉన్నా చేతులు వాస్తాయి, వాటిని వదులు చేసి చూడాలి. వాపుతో పాటు తలనొప్పి, వాంతి ఉంటే ఆ రోజు ఇంకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, అడుగు తడబడటం, మాట పొంతన లేకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే కిందికి దించాలి.

నెలసరికి ముందు రెండు వారాల్లో ఈ లెక్క కొంచెం మారుతుంది. ఆ రోజుల్లో పెరిగే ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఊపిరిని పెంచుతుంది, ఎత్తులో అది మేలే. ఆల్డోస్టిరాన్ పనికి అడ్డుపడి ఉప్పును బయటికి పంపుతుంది కూడా. దానికి జవాబుగా ఒళ్లు ఆల్డోస్టిరాన్‌ను పెంచుతుంది. ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్ వల్ల దాహం, నీటిని ఆపే వాసోప్రెసిన్ హార్మోన్ రెండూ కాస్త ముందే మొదలవుతాయి. పొట్ట ఉబ్బరం, బరువు కొంచెం పెరగడం ఇందువల్ల కావచ్చు. అయితే ఈ రోజుల్లో మౌంటెన్ సిక్‌నెస్ ఎక్కువ వస్తుందని తేలలేదు కనుక, నెలసరి చూసుకుని ప్రయాణం తేదీలు మార్చుకోనక్కర్లేదు.

ఊపిరితో పోయే నీరు కంటికి కనిపించదు. ఎక్కుడు దారిలో నిమిషానికి 50 లీటర్ల గాలి పీలిస్తే గంటకు 3 ఘనమీటర్లు. వదిలే గాలిలో ఘనమీటరుకు 30 గ్రాములకు పైగా ఆవిరి ఉంటుంది. పీల్చే గాలి చలికి దాదాపు పొడిగానే ఉంటుంది కాబట్టి గంటకు 100 మిల్లీలీటర్ల దాకా పోతుంది, ఆరు గంటల నడకలో అర లీటరు పైనే. చెమట వేరు. పైగా చలిలో దాహం మందగిస్తుంది.

మా లెక్క ఇది: నడిచే ప్రతి గంటకు 300 నుంచి 500 మిల్లీలీటర్లు, గుక్కలు గుక్కలుగా. ఆగాక దాహాన్ని బట్టి. సూప్, టీ కూడా ఇందులోకే వస్తాయి. నాలుగు గంటలు దాటి నడిచినా, అన్నం సయించకపోయినా ఒక సీసా ఓఆర్ఎస్ కలపాలి, ప్యాకెట్ మీద రాసిన నీటి కొలత తగ్గించకుండా, పెంచకుండా. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు గీసిన ఆరు టీస్పూన్ల చక్కెర, గీసిన అర టీస్పూను ఉప్పు. ఉదయపు మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతుంది, నీళ్లలా తెల్లగా ఉండాలనేం లేదు. బి విటమిన్ మాత్రలు వేసుకున్నా, నెలసరిలో ఉన్నా రంగును నమ్మకండి.

వట్టి నీళ్లు అతిగా తాగి సోడియం పడిపోయినా తలనొప్పి, వికారం, అయోమయమే వస్తాయి. దాన్ని మౌంటెన్ సిక్‌నెస్ అనుకుని ఇంకో లీటరు తాగిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎంత తాగిందో ముందు అడగండి. నెలసరి నొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్ కిడ్నీలు నీటిని వదలకుండా చేస్తుంది, నీళ్లు తక్కువైన ఒంట్లో కిడ్నీలకే భారమవుతుంది. అలాంటప్పుడు పారాసిటమాల్ మేలు.

ఆడవాళ్ల ఒళ్లు ఎండిపోవడానికి అసలు కారణం చాలాసార్లు హార్మోన్లు కాదు, మూత్రానికి వెళ్లడానికి చాటు లేకపోవడం. నాలుగు పొరల బట్టలు విప్పాలి, జట్టు ఆగదు, రాత్రి చలి. దాంతో తాగడమే మానేస్తారు, మూత్రం ఆపుకుంటారు, ఇన్ఫెక్షన్ తెచ్చుకుంటారు. ఆడవాళ్లు నిలబడే మూత్రం పోయడానికి వాడే గరాటును ఇంటి బాత్రూంలో బట్టలన్నీ వేసుకుని అలవాటు చేసుకోండి. రాత్రి మూత్రానికి వెడల్పు మూతి లీటరు సీసా వేరుగా ఉంచి, చీకట్లో చేతికి తెలిసేలా దాని చుట్టూ టేపు చుట్టండి. నీళ్లలో ఎక్కువ భాగం సాయంత్రం నాలుగులోపే తాగేయండి.

మౌంటెన్ సిక్‌నెస్ రాకుండా వాడే ఎసిటజోలమైడ్ డాక్టరు రాస్తే మామూలు మోతాదు 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి. ఇది పనిచేసేది నీరు తీసేసి కాదు, బైకార్బొనేట్‌ను తోసేసి ఊపిరి పెంచి. మూత్రం మాత్రం ఇంకా పెరుగుతుంది, వేళ్లు చిమచిమలాడతాయి. గర్భం ఉందనే అనుమానమున్నా, సల్ఫా మందులు పడకపోయినా ముందే చెప్పాలి.

ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు 4,500 మీటర్ల పైన వారం దాటి ఉండేట్టయితే వేరే పద్ధతి గురించి డాక్టరును అడగాలి. చిక్కబడ్డ రక్తం, ఈస్ట్రోజెన్, మంచు కురిసి టెంట్‌లో కదలకుండా కూర్చోవడం, ఈ మూడూ కలిస్తే రక్తం గడ్డకట్టే ముప్పు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి పుడితే అది ఎత్తు వాపు కాదు.

చివరగా ఇనుము. నెలసరిలో పోయే 40 మిల్లీలీటర్ల రక్తంతో దాదాపు 20 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. ఇనుము లేనిదే ఎర్రకణాలు పెరగవు. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ పరీక్ష రెండు నెలల ముందే చేయించుకోండి, మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల కన్నా తక్కువుంటే డాక్టరు సలహాతో మాత్రలు మొదలుపెట్టడానికి అప్పుడే సమయం ఉంటుంది. బయల్దేరే వారం వేసుకుంటే మలబద్ధకం తప్ప ఏమీ దక్కదు.