నాన్న జావా, ఐదు నెలల ఆర్టీఓ ప్రదక్షిణలు

నిన్న పొద్దున పాత బళ్ళ ర్యాలీలో నాన్న జావా మోటార్‌సైకిల్ మీద 70 కిలోమీటర్లు తిరిగొచ్చాను. నడుం నొప్పి ఇంకా తగ్గలేదు, చేతులకి ఆయిల్ వాసన పోలేదు. పోయినేడాది కూడా పేరిచ్చాను గానీ సి-బుక్కు గడువు అయిపోయిందని గేటు దగ్గరే ఆపేశారు. గోడ పక్కన నిలబడి అందరి బళ్ళూ వెళ్ళడం చూసి ఇంటికొచ్చాను. ఈసారి బండి సిద్ధం చెయ్యడానికి మూడు వారాలు పట్టింది, కాగితాలు సిద్ధం చెయ్యడానికి ఐదు నెలలు. కాబట్టి బండి గురించి తక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

బండి 1969 మోడల్ జావా 250, మైసూరులో తయారైంది. నాన్న పోయాక ఆరేళ్ళు వరండాలో గోనెపట్టా కింద ఉంది. జికోవ్ కార్బురేటర్ నేనే విప్పి, కడిగి, బిగించాను, మూడో కిక్కుకే లేచింది. గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే. డైనమో మాత్రం గుడి పక్కన షెడ్డులో ఇచ్చాను. ఆరు వోల్టుల వైరింగు అంటే భయపడని మెకానిక్ మా ఊళ్ళో ఆ పెద్దాయన ఒక్కరే.

పేరు మార్పు తేలిగ్గానే అయింది. ఫారం 31, నాన్న డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మా అక్కా అభ్యంతరం లేదని పెట్టిన సంతకాలు, అంతే. అక్క సంతకం పెడుతూ "వెనక సీటు మాత్రం నాదేరా" అంది.

ఆ తర్వాత ఇన్సూరెన్స్. ఆన్‌లైన్‌లో బండి తయారైన సంవత్సరం ఎంచుకోమంటే కిందికి ఎంత జరిపినా 1969 రాదు. ఆఫీసుకి వెళ్తే రిజిస్ట్రేషన్ బతికి ఉంటేనే పాలసీ అన్నారు. రిజిస్ట్రేషన్ వాళ్ళేమో దరఖాస్తుతో పాటు పాలసీ పెట్టాలంటారు. మూడో బ్రాంచిలో ఒక అమ్మాయి పై ఆఫీసుకి ఫోన్ చేసి, పావుగంటలో థర్డ్ పార్టీ పాలసీ చేతిలో పెట్టింది. ముందు రెండు బ్రాంచిల వాళ్ళూ ఆ ఫోన్ ఎందుకు చెయ్యలేదో వాళ్ళకే తెలియాలి.

రూలు సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బళ్ళకి విడిగా రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్ళు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా బండి ఒరిజినల్‌గా ఉండాలి. కొత్తగా నంబరు తీసుకునేవాళ్ళకి మధ్యలో వీఏ అని వస్తుంది, పాత నంబరున్నవాళ్ళు అదే ఉంచుకోవచ్చు. నాకు కావాల్సింది అదే, నాన్న నంబరు. క్లబ్బుల్లో చాలామంది 1940కి ముందు వాటినే వింటేజ్ అంటారు, వాళ్ళ లెక్కలో మాది ఉత్త క్లాసిక్. ఫీజు దగ్గర మాత్రం ఆ తేడా లేదు. 20,000 రూపాయలు, పదేళ్ళకి. కోట్లు పలికే కారుకీ అంతే, మా నాన్న జావాకీ అంతే. ఈ లెక్క వేసిన మహానుభావుడు ఎప్పుడూ టూవీలర్ ఎక్కినట్టు లేదు.

అసలు కథ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర. బండి వింటేజో కాదో తేల్చే కమిటీకి ఫైలు వెళ్ళే ముందు బండిని గ్రౌండుకి తెచ్చి చూపించమన్నారు. గడువు తీరిన బండిని రోడ్డు మీద నడపకూడదు కదా, ఆటో ట్రాలీలో ఎక్కించి తీసుకెళ్ళాను. పదిన్నరకి రమ్మన్నవాళ్ళు ఒంటిగంటకి వచ్చారు. అప్పటికి గ్రౌండు నిండా లైసెన్సు టెస్టుకి వచ్చిన కుర్రాళ్ళు. నేను కాలేజీలో పాఠాలు చెప్తాను. ఆ కుర్రాళ్ళలో ఇద్దరు మా క్లాసువాళ్ళే.

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి "గేర్ రాడ్ ఏదండీ?" అన్నారు. ఎడమవైపు చూపించాను. "మరి కిక్ రాడ్?" అదే సార్, అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకున్నారు. జావాలో గేర్ రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్ అవుతుంది, బండి లేచాక మళ్ళీ కిందికి దించుకుంటే గేరు. చేసి చూపిద్దామని కొట్టాను. ఇంట్లో మూడో కిక్కుకి లేచిన బండి అక్కడ ఇరవై మూడు కొట్టినా లేవలేదు. అంకె ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే కుర్రాళ్ళు పైకే లెక్కపెట్టారు. చివరికి మా క్లాసువాళ్ళే "ఉండండి సార్" అని తోస్తే లేచింది, లేచి పొగంతా ఇన్‌స్పెక్టర్ మొహం మీద వదిలింది.

ఇక అక్కడి నుంచి ఆయనకి కనిపించినవన్నీ తప్పులే. సి-బుక్కులో ఒక్క సిలిండరని ఉంది, బండికి సైలెన్సర్లు రెండున్నాయి, ఇంజన్ మార్చారా? ఒక్క సిలిండరుకే రెండు సైలెన్సర్లు సార్, కంపెనీయే అలా చేసింది. ఇండికేటర్లేవి? అప్పట్లో లేవు సార్, చెయ్యి చూపించేవాళ్ళు. "అయితే పెట్టించుకుని రండి." పెట్టిస్తే ఒరిజినల్ కాదని కమిటీ కొట్టేస్తుంది, పెట్టించకపోతే ఈయన రిపోర్టు రాయరు. రూలు ప్రింటవుట్ తీసి చూపించాను. "మాకు రూల్స్ చెప్తారా?" అని దాన్ని నాలుగు మడతలు పెట్టి టీ గ్లాసు కింద పెట్టుకున్నారు. ఏదైతే ఆ బండి మార్చలేదనడానికి సాక్ష్యమో, అదే ఆయనకి బండి మార్చారనడానికి సాక్ష్యం. అసలు బండి ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడని మనిషి ఇది అసలుదా కాదా అని తేల్చడం ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

చివరికి చాసిస్ నంబరు. నాన్న రెండుసార్లు పెయింటు వేయించారు, నంబరు దాని కింద పూడిపోయింది. టేపు అంటించి పెన్సిల్ రుద్దితే ఆఖరి అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. సి-బుక్కులో ఎనిమిది ఉంది. "దొంగ బండి కాదని ఏంటి నమ్మకం?" అన్నారాయన. గట్టిగానే అన్నారు. కుర్రాళ్ళ నవ్వులు ఆగిపోయాయి, వాళ్ళు నవ్వి ఉంటేనే నయమనిపించింది. ఎదురు షాపులో సాండ్ పేపర్ కొనుక్కొచ్చి, ఇస్త్రీ చొక్కాతో ఆ ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని నాన్న వేయించిన రంగు నేనే గీకాను. నలుపు కింద మెరూన్, మెరూన్ కింద ఇనుము, ఇనుము మీద ఎనిమిది. తలెత్తి చూస్తే ఆయన భోజనానికి వెళ్ళిపోయారు. నాలుగింటికి అటెండరు వచ్చి "సార్ ఇంక రారు, రేపు రండి" అన్నాడు.

ఆ రేపు నాలుగుసార్లు అయింది. ప్రతిసారీ ట్రాలీ కిరాయి నాదే. గేటు దగ్గర ఏజెంటు "ఆరు వేలు ఇస్తే ఇంటి దగ్గరే ఫొటో తీసుకెళ్తాం సార్" అన్నాడు, కుదరదన్నాను. అది నిజాయితీయో పంతమో నాకే తెలీదు. మీరు ఏజెంటుని పట్టుకోమని చెప్పను, వద్దని చెప్పే ఓపిక కూడా ఇప్పుడు లేదు. ఒకటి మాత్రం చెప్తాను, నంబరు మీద రంగు ఇంటి దగ్గరే తీసేసుకుని వెళ్ళండి. లైసెన్సు టెస్టులుండే రోజు మాత్రం అస్సలు వెళ్ళకండి.

ఐదోసారి వెళ్తే ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయింది. కొత్తాయన కుర్చీలోంచి లేవలేదు, కిటికీలోంచి చూసి "జావాయేగా" అని సంతకం పెట్టారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. గీకి బయటపెట్టిన ఎనిమిదిని కనీసం చూస్తారేమో అనుకున్నాను, అదీ లేదు. కమిటీ దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. రూలు ప్రకారం 60 రోజుల్లో ఇవ్వాల్సిన సర్టిఫికెట్ ర్యాలీకి తొమ్మిది రోజుల ముందు చేతికొచ్చింది.

ఇలాంటి ర్యాలీలన్నిటికీ పెద్దన్న లండన్ నుంచి బ్రైటన్ దాకా ఏటా జరిగే పరుగు. 1905కి ముందు తయారైన బళ్ళు వస్తాయి. అది 1896 నవంబరు 14న మొదలైంది. గంటకి 4 మైళ్ళున్న వేగ పరిమితిని అక్కడి చట్టం 14 మైళ్ళకి పెంచిందని సంబరంగా బయల్దేరారట. చట్టం సడలినందుకు వాళ్ళు పరుగు తీశారు, మనం చట్టం చేతిలోంచి బయటపడి పరుగు తీస్తున్నాం.

ర్యాలీ బాగా జరిగింది. లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి పోశాను, ఒక్కసారి ప్లగ్గు తడిసి ఆగింది, తుడిచి పెట్టాను. నా ముందు వెళ్ళిన ఒక పెద్ద కారు రెండుసార్లు ఆగింది, ఆ రెండుసార్లూ దాన్ని దాటి వెళ్ళేటప్పుడు హారన్ కొట్టాను.

సాయంత్రం అమ్మ చీర మార్చుకుని వరండాలోకి వచ్చింది. నాన్న శనివారం శనివారం ఆ బండి మీదే గుడికి తీసుకెళ్ళేవారు. అలా తిప్పకూడదమ్మా, ఈ రిజిస్ట్రేషన్‌తో ర్యాలీలకీ, ఎగ్జిబిషన్లకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప రోడ్డెక్కకూడదు అని చెప్పాను.

"మరి ఇరవై వేలు దేనికి కట్టావురా?"

కాసేపు ఆలోచించాను. డైనమో ఒకసారి చూపించాలి, మెకానిక్ షెడ్డు గుడి పక్కనే. ఎక్కమన్నాను.